మేనత్త నడిచే బాట

ఆరేళ్లు చేసి మానేసిన ఉద్యోగానికి పదవీ విరమణ అనే పెద్ద మాట వాడితే మా ఆయన నవ్వాడు. "పెన్షన్ ఎంతస్తదో గది గూడ రాయి" అన్నాడు. నవ్వనీ. ముప్పై దాటగానే వదిలేసినా ఆ పనికి నేను మళ్లీ వెళ్లను. నా కుర్చీలోకి శ్రీలత అనే అమ్మాయి వచ్చింది. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, ఫారాలు ఎట్ల నింపాల్నో సార్ చెప్పిండు. పని ఎట్ల చెయ్యాల్నో నువ్వు చెప్పు" అని అడిగింది. చెప్పబోతే పాప ఏడ్చింది. అందుకని పాప పడుకున్నాక కూర్చొని రాస్తున్నాను. శ్రీలత కోసమే మొదలుపెట్టాను గానీ, ఈ పనిలోకి వచ్చే ఎవరైనా చదవవచ్చు.

వేలెడు గడి

మా సంస్థ జగిత్యాలలో రెండు గదుల్లో నడిచేది. ఊళ్లలో నీళ్లు ఎక్కడ పుట్టి ఎటు పోతాయో, ఖాళీ జాగలు ఎక్కడున్నాయో తెలుసుకొని, పటం గీసి మండల ఆఫీసుకు ఇవ్వడం మా పని. ఫారంలో పేరు, హద్దులు, ఎవరి స్వాధీనంలో ఉంది వంటి గడులు పెద్దపెద్దగా ఉండేవి. చివర "ఇతర విషయాలు" అని వేలెడు వెడల్పున ఒక గడి. నేను చేసిన ఉద్యోగమంతా ఆ గడిలోనే ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఊళ్లో ఎవరినైనా "ఈ కుంట పేరేంది?" అని అడిగి చూడు. పేరు చెప్పరు. అందులో ఎవరి బర్రె దిగబడిందో చెబుతారు, దాన్ని లాగడానికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చెబుతారు. ఆ రానివాళ్ల తాత సంగతి కూడా చెబుతారు. నేను పెన్ను పట్టుకొని, కథ ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసేదాన్ని. అయిపోయాక పేరు ఒక్కటి రాసుకొని లేచేదాన్ని. పని వేగంగా చేస్తానని మంచి పేరు కూడా వచ్చింది.

మా పై అధికారి సుదర్శన్ సార్. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి దిగిపోయి, మా సంస్థలో చేరాడు. అవి ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. సాయంత్రం సభల్లో సార్ మైకు పట్టుకుంటే జనం కదిలేవారు కాదు. మన నీళ్లు, మన మాట, మన యాస అని గొంతు పోయేదాకా మాట్లాడేవాడు. తెల్లవారి ఆఫీసుకొచ్చి, నా రిపోర్టులో "ఒర్రె" అని ఉంటే కొట్టేసి "చిన్న వాగు" అని రాసేవాడు. ఆయన్ని ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. తర్వాత ఆయనే నాకు ఒక మంచి దారి చూపించాడు. మనిషి సభలో ఒక తీరుగా, కాగితం మీద ఇంకో తీరుగా ఎందుకు ఉంటాడా అని నాకు ఆసక్తిగా ఉండేది. నేనూ అంతేనని అప్పటికి తెలియదు.

గుట్ట కింది ఊరు

రుద్రంగి దాటి కొంత దూరం పోతే గుట్టల కింద ఒక ఊరుంది. పేరు రాయను. ఊరికి దిగువన కూలీల వాడ. ఇరుకు ఇళ్లు, ఒక్కో గదిలో రెండేసి సంసారాలు. గుట్టకూ కింది కుంటకూ మధ్య, వాడ పక్కనుంచి, పొడవాటి ఖాళీ జాగ ఒకటి. అందులో చెట్టు లేదు, చేను లేదు. ప్రభుత్వ భూమి. దాన్ని ఆనుకొని కాస్త ఎత్తుగా ఒక గడ్డ, గడ్డ మీద పెద్దింటి దొరవాళ్ల గడ్డివాములు.

ఇంత ఇరుకులో బతుకుతూ ఇంత జాగను ఖాళీగా ఎందుకు వదిలారని వాడలో పెద్దావిడ గంగవ్వను అడిగాను.

"అది అత్త బాట బిడ్డా."

"ఏ అత్త?"

"ఊరందరికి మేనత్త. ఎనకట గుట్ట మీదికి ఇచ్చిన్రు ఆమెను. ఒడిబియ్యం పొయ్యకుండనే తోలిన్రు. గా కోపం ఇప్పటిదాంక పోలేదు. ఎన్నేండ్లకో ఒక్కపారి పుట్టింటికస్తది, చెప్పి రాదు. ఇద్దరు పిల్లల ఏలు వట్టుకొని గుట్ట దిగుతది, గిట్ల నడుస్తది, కుంటల కాళ్లు కడుక్కొని పోతది. అచ్చినప్పుడు అడ్డముండద్దు."

"అడ్డముంటే?"

"ఆడబిడ్డ కోపం నీకెర్క లేదా? పెండ్లి గాలేదా ఇంక?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాకు పెళ్లై అప్పటికి నెల కూడా కాలేదు.

నేను వెళ్లింది వానలకు ముందు. వాళ్లు అత్తకు ఒడిబియ్యం పోసే రోజూ అదే. ఆడబిడ్డ అత్తారింటికి పోయేటప్పుడు ఆమె ఒడిలో పోసే పసుపు కలిపిన బియ్యమే, తెలుసుగా. వాడ ఆడవాళ్లంతా బియ్యం, రవిక గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు పళ్లెంలో పెట్టుకొని, కొడవళ్లు పట్టుకొని బయలుదేరారు. కుంట దగ్గర మొదలుపెట్టి గుట్ట దాకా, ఆ ఖాళీ జాగలో మొలిచిన సర్కారుతుమ్మను నరుక్కుంటూ, రాళ్లు పక్కకు దొర్లిస్తూ వెళ్లారు. ఎందుకంటే "అత్త కాళ్లకు గుచ్చుకుంటయి" అన్నారు. గుట్ట కింద ఒక బండ మీద బియ్యం పోశారు. రెండు పెద్ద కుడుకలు, ఒక చిన్న కుడుక పెట్టారు. "రా అత్తా, పో అత్తా" అని మొక్కి వచ్చేశారు. చూసినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

ఫారంలో మాత్రం, వేలెడు గడిలో, ఇలా రాశాను: "స్థానికంగా ఒక మూఢనమ్మకం వల్ల ఈ భూమి వినియోగంలో లేదు. ఇళ్ల స్థలాలకు అనుకూలం."

డిగ్రీ చదివినదాన్ని. ఆ వాక్యం రాసినందుకు ఆ రోజు గర్వపడ్డాను.

రాజేశం అడిగిన ప్రశ్న

కాగితాలు మెల్లగా నడుస్తాయి గానీ, నడుస్తాయి. రెండేళ్లకు ఆ జాగలో వాడవాళ్లకు ఇళ్ల స్థలాలు ఇస్తామని మండల ఆఫీసు చెప్పింది. ముగ్గు పోసి గుంజలు పాతారు. అప్పుడు గంగవ్వ బస్సెక్కి జగిత్యాలకు వచ్చింది. ఆఫీసు గడపలో నిలబడి లోపలికి చూసింది.

"అత్త బాటల ఇండ్లు కట్టచ్చని రాసింది నువ్వేనా బిడ్డా?"

"నేనే."

"నా కోడలికి నెలలు నిండుతున్నయి. గా ఇంట్ల పండుకోవెడ్తవా దాన్ని?"

మంచినీళ్లు ఇస్తే తాగకుండా వెళ్లిపోయింది. నాకూ అప్పుడు మూడో నెల. ఆ రాత్రి నుంచి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఈసారి ఎదురొచ్చింది గంగవ్వ కొడుకు రాజేశం. మస్కట్‌లో మూడేళ్లు ఎవరెవరికో ఇళ్లు కట్టి తిరిగొచ్చినవాడు. సొంతిల్లు కట్టుకోవాలని ఇటుకలు కూడా దింపించాడు.

"మేడం, మా అవ్వ మాట వట్టుకొని ఆపుతర ఏంది? ఇది దొరలు కట్టిన కథ. జాగ ఖాళీగుంటే ఎవ్వలకు లాభం? వాళ్ల గొడ్లకు, వాళ్ల గడ్డివాములకు. మా తాతలు నమ్మి ఆగమైన్రు. రోజు రోడ్డెక్కి మన జాగ, మన నీళ్లు అని అరుస్తున్నం గదా? మన జాగల మనం ఇల్లు కట్టుకుంటే అత్త అచ్చి తంతదా?"

"అత్త నిజంగనే అస్తే?"

"నేను పుట్టినంక రాలే. టికెట్ దొరుకుతలేదు గావచ్చు."

నవ్వొచ్చింది. కానీ అతని ప్రశ్న నవ్వేది కాదు. పెద్దింటి వరండాలో దొరగారి తమ్ముణ్ని అడిగితే అతనూ అదే కథ చెప్పాడు, ఒక ముక్క ఎక్కువ కలిపి: "అత్త గడ్డ మీద కూసొని అలుపు తీర్సుకుంటది. గడ్డ గూడ ఆమెదే. వాడోళ్లు ఎక్కద్దు." గంగవ్వను అడిగితే, "ఔ, గది గూడ అంటరు" అంది.

చూడు శ్రీలతా, చిక్కు ఎక్కడుందో. గంగవ్వ కథ నిజమైతే, ఆ అత్త గుట్ట మీంచి దిగే వరదే అయితే, నేను రాసిన వాక్యం వల్ల పసిపిల్లలున్న ఇళ్లు వరదలో నిలబడతాయి. రాజేశం మాట నిజమైతే, గంగవ్వ కథను పట్టుకొని నేను వాళ్లకు ఉన్న ఒక్క జాగనూ పోగొడతాను. పటంలో ఆ జాగ తెల్లగా ఉంటుంది. ఏదీ చెప్పదు.

వెళ్లిపోయిన ఆడబిడ్డలు

దారి చూపింది మా జీపు డ్రైవర్ యాకూబ్ భాయ్. వెనక్కి వస్తుంటే ఆయనే అన్నాడు.

"మేడం, మా నానీ, అంటే మా అమ్మ తల్లి, మెట్‌పల్లిది. చిన్నప్పుడే షాదీ అయి కోరుట్లకు వచ్చింది. సచ్చేదాంక మెట్‌పల్లి గల్లీలన్ని అట్లనే చెప్తుండె, ఏ బావి ఎక్కడ, ఏ గోడకు రంధ్రం ఎక్కడ. మెట్‌పల్లిల ఉన్న మా మేనమామలకు యాదికి లేదు. రోజు చూసేటోనికి మారింది తెల్వది. పోయినోనికి పోయిన్నాటిదే ఉంటది."

జీపు ఆపమని ఆయనకు చెప్పి, అప్పటికప్పుడు వెనక్కి తిప్పించాను. "మీ ఊరి నుంచి పెండ్లయి పోయిన ముసలోళ్లు ఎవరెవరున్నరు?" అని గంగవ్వను అడిగాను. దొరలు కలిపిన ముక్కలు ఏవైనా ఉంటే, అవి కలపక ముందే ఊరు దాటిపోయిన కథ కావాలి నాకు. మూడు పేర్లు చెప్పింది. కోరుట్లలో లచ్చవ్వ, సిరిసిల్లలో నర్సవ్వ, బీర్పూర్‌లో ఎల్లవ్వ.

కోరుట్లకు పోయిన రోజు బంద్. ఊరి మొదట్లోనే రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గంజులు, జెండాలు, డప్పులు. జీపు ముందుకు పోదు. లచ్చవ్వ ఇల్లు ఎక్కడని ఒకమ్మాయిని అడిగితే, "గా గంజు కాడున్నది సూడు" అంది. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఆ రోజు రోడ్డు మీదే ఉన్నారు. లచ్చవ్వ తెడ్డుతో పప్పు కలుపుతోంది.

"ఆపీసోళ్లా? మీకు జీతాలు బందు పెట్టలేదా?" అంది.

"నేను అత్త బాట అడుగుదామని అచ్చిన అవ్వా."

తెడ్డు ఆగింది. ఆమె ఊరు విడిచి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీద చెయ్యి చాపి, తారు మీదే గుట్ట ఎక్కడో, కుంట ఎక్కడో చూపించింది. పొయ్యి పక్కన పడ్డ బొగ్గు తీసుకొని గీత గీసింది. గీత రెండు చోట్ల చీలి మళ్లీ కలిసింది. "గీళ్లే ఇద్దరు పిల్లలు. పెద్దోడు గిట్ల ఉరుకుతడు, చిన్నోడు గట్ల. కుంట కాడ మల్ల తల్లి ఏలు వట్టుకుంటరు."

"మరి అత్త గడ్డ మీద కూసుంటదట గదా?"

లచ్చవ్వ పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇన్నరా మీరు? కూసుంటదట!" అని నవ్వింది. "బిడ్డా, ఆడబిడ్డ కోపంతోటి పుట్టింటికస్తే కూసుంటదా? నీళ్లు గూడ ముట్టది. ఎవ్వలు చెప్పిన్రు నీకు?"

పప్పన్నం పెట్టింది. రోడ్డు మీదే తిన్నాను.

సిరిసిల్లలో నర్సవ్వ మరమగ్గాల షెడ్డులో కండెలు చుడుతోంది. ఆ చప్పుడులో నేను ఆమె చెవి దగ్గర అరవాలి, ఆమె నా చెవి దగ్గర అరవాలి. ఆమె కథలోనూ అత్త కూర్చోలేదు, ఇద్దరు పిల్లలు ఉన్నారు, చీలిన చోట్లు అవే. గడ్డ సంగతి అడిగితే, "గాడ మేము జొన్నకంకులు కాల్చుకొని తింటుంటిమి. నా పెండ్లి అయ్యేటాలకు దొరోళ్లు గడ్డివాములు పెట్టిన్రు" అని అరిచింది. "అత్తకు పీట ఏసింది వాళ్లే గావచ్చు!"

అంటే గంగవ్వ చెప్పింది నిజమే, రాజేశం అనుమానమూ నిజమే. బాట పాతది. పీట తర్వాత వేసింది.

బీర్పూర్‌కు పోలేదు. అప్పటికి నాకు ఏడో నెల. ఆ వారమంతా బంద్‌లు, రాస్తారోకోలు. గతుకుల దారిలో జీపు ఎక్కడానికి భయపడ్డాను. రెండు కథలు అచ్చంగా కలిశాయి, మూడోది వేరే ఏం చెబుతుందిలే అనుకున్నాను. ఎల్లవ్వ పేరు ఎదుట నోటుబుక్కులో ఒక చిన్న గీత పెట్టి వదిలేశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది.

సార్ చూపిన దారి

నా పాత రిపోర్టు తప్పని సుదర్శన్ సార్‌కు చెప్పాను. కథంతా చెప్పాను.

"మండలాఫీసుల అత్తలు, పిల్లలు నడువరమ్మా" అన్నాడు.

"మొన్న సభల మన మాటనే మన జ్ఞానం అన్నరు గదా సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సభల వినేటోళ్లు మనోళ్లు. ఫారం చదివేటోడు నవ్వుతడు. నవ్వుతడని తెలిసే నేను నీ కాగితాల మీద ఎర్ర పెన్ను పెడుతున్న, నీకు అర్థమయితలేదు" అన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకొని, "కథ రాయకు. కథ ఏ జాగలు చెప్పిందో గా జాగలు తవ్వి చూద్దాం" అన్నాడు.

ఆయన వయసులో ఎండలో నిలబడి మోకాటి లోతు గుంతలు తవ్వించాడు. లచ్చవ్వ బొగ్గుతో గీసిన గీత మీద ఎక్కడ తవ్వినా, జానెడు మట్టి కింద వాగు ఇసుక, నున్నటి గులకరాళ్లు. పెద్దోడు ఉరికే చోట అదే, చిన్నోడు ఉరికే చోట అదే. గడ్డ మీద తవ్వితే గట్టి ఎర్ర మొరం. సార్ గులకరాయి ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పితిప్పి చూశాడు. "నీళ్లల్ల చాలా దూరం దొర్లితేనే గిట్లయితది" అన్నాడు. ఆ రాయిని జేబులో వేసుకున్నాడు.

కొత్త రిపోర్టులో ఇసుక గురించి, మొరం గురించి రాశాం. ఇళ్లు గడ్డ మీదికి మార్చాలని రాశాం. దొరవాళ్లు గడ్డివాముల కోసం గొడవ పెట్టారు. కాగితం మీద గడ్డ వాళ్లది కాదు, కథలోనే వాళ్లది. రాజేశం మొదట నా మీద మండిపడ్డాడు. గడ్డ మీద జాగ ఇస్తారని తెలిశాక దింపిన ఇటుకలను తానే పైకి మోసుకున్నాడు. "అత్త పీట మీద కూసునే మొగోన్ని నేనే" అని వాడంతా చెప్పుకున్నాడట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నీళ్లు పోయే దారి అని బోర్డు పెట్టి ఉంటే, రెండు తరాలు వరద రాకపోతే ఎవరైనా పీకేసేవారు. మేనత్త దారి అన్నారు కాబట్టి ఏటా కొడవలి పట్టుకొని పోయి ముళ్లు నరికారు. మనం ఫారంలో ఏ మాట రాస్తామో దాన్నిబట్టి చదివేవాడు ఆ నేలను చూస్తాడు. నేను మూఢనమ్మకం అన్నాను, వాళ్లు ముగ్గు పోశారు. అదే సమయంలో కథకు మొక్కేయనూ కూడదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఏం కలిపారో అడగాలి. యాసను రికార్డు చేయడానికని ఆ రోజుల్లో చాలామంది ఊళ్ల మీద పడ్డారు. మైకు పెడితే గంగవ్వ కూడా ఉపన్యాసమే ఇచ్చేది. ముళ్లు నరికేటప్పుడు పక్కన నడిస్తేనే కథ చెప్పేది.

టికెట్ దొరికింది

పాప పుట్టింది. ఉద్యోగం మానేశాను. గడ్డ మీద ఇళ్లు లేచాయి. రాజేశానికీ కూతురే.

మొదటి వానాకాలంలో, జగిత్యాలలో నాలుగు చినుకులు పడితే చాలు, నేను రాజేశానికి ఫోన్ చేసేదాన్ని. పాపకు జ్వరమొస్తే ఎంత కంగారో, వానొస్తే అంతే కంగారు. వానలన్నీ అయిపోయాయి.

"అత్త రాలే మేడం. టికెట్ వెయిటింగ్ లిస్టుల ఉన్నట్టుంది" అనేవాడు.

రెండో వానాకాలంలో, రెండు రోజులు ఆగకుండా కురిసిన తర్వాత ఒక పొద్దున, అతనే ఫోన్ చేశాడు. "వినుండ్రి" అని మాత్రం అన్నాడు. లారీలు వరసగా పోతున్నట్టు ఒకటే మోత. ఆ మోత మీద ఆడవాళ్ల గొంతులు, "రా అత్తా! పో అత్తా!" అని. గంగవ్వ గొంతు గుర్తుపట్టాను.

"అచ్చింది మేడం" అన్నాడు. "బాట వట్టుకొని సీదా కుంటలకు పోయింది. మొదలు ముగ్గు పోసిన కాడ మనిషి లోతు నీళ్లున్నయి."

ఊపిరి పీల్చుకున్నాను. అతను ఆపలేదు.

"గని మీరు ఇద్దరు పిల్లలన్నరు. ముగ్గురచ్చిన్రు. మూడోది గడ్డ ఎన్క నుంచి, మా ఇంటెన్క నుంచి పోయింది. వంటింటి గోడ తీస్కపోయింది."

"పాప?"

"నా సంకలనే ఉంది."

"మీ ఆవిడ?"

"ఆడనే ఉండె, పొయ్యి కాడ. బియ్యం కడుగుతానికి లేచింది. గప్పుడే పడ్డది గోడ. జరంతల బతికింది." ఆ వెంటే అన్నాడు, "తిడుతలేను మేడం. రాసుకోండ్రి. ముగ్గురు."

కథ చూపిన చోటల్లా తవ్వాం. చూపని చోట తవ్వలేదు. గడ్డ వెనుక ఒక్క గుంత తవ్వి ఉంటే, ఇంకో నాలుగు మూరలు ఇవతలికి ఇల్లు కట్టుకొమ్మని చెప్పేవాళ్లం.

బీర్పూర్

వాన తెరిపి ఇచ్చాక పాపను సంకనేసుకొని బీర్పూర్ బస్సెక్కాను. జీతం లేని పని అది. ఎల్లవ్వ ముగ్గురిలోకీ పెద్దది. వాకిట్లో కూర్చొని మక్కకంకులు ఒలుస్తోంది. ఏ ఊరి సంగతో చెప్పగానే, నన్ను కాదు, పాపను చూసింది.

"ఇద్దరు పిల్లలని ఎవ్వలు చెప్పిన్రు? లచ్చియా? గది నాకంటే చిన్నది, దానికేమెర్క. ముగ్గురు. మూడోది సంకపిల్ల. అది నడువది, అత్తనే ఎత్తుకుంటది. అత్త బాగ అలిసిననాడే దించుతది. ఎన్నడో గని అలువది. నేను లాగులేని పోరినప్పుడు ఒక్కపారి దించింది, గడ్డ ఎన్క. మల్ల దించలే. ఆళ్లు సూడలే, మర్సిపోయిన్రు."

"ఊర్ల ఎవ్వలకు యాదికి లేదు అవ్వా."

"ఎట్ల లేదు? ఒడిబియ్యం కాడ ఎన్ని కుడుకలు పెడ్తున్నరు?"

నోటుబుక్కు తీయనక్కర్లేదు. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. నా కళ్లతో చూశాను, నా చేత్తో రాసుకున్నాను. చిన్నది ఎవరికని అడగలేదు. గంగవ్వ ఏటా దాన్ని అక్కడ పెడుతూనే ఉంది. నోరు మరిచిపోయిన దాన్ని చెయ్యి ఇంకా పెడుతోంది.

శ్రీలతా, నీకు నేను చెప్పగలిగింది ఇంతే. వాళ్లు చెప్పింది రాయి, చేతులతో చేసేది అడుగు, మూడో ఇంటికి కూడా వెళ్లు. బండ నుంచి గడ్డ వెనుక దాకా మూడో గీత గీసి ఇందులో పెడుతున్నాను. వంకరగా ఉంటే ఏమనుకోకు, ఎల్లవ్వ మక్కగింజలతో వాకిట్లో పేర్చి చూపించింది, చూసి గీశాను. రాజేశం కొత్త గోడ ఎక్కడ లేపాలో ఆ గీత చూపించి చెప్పు. నేను ఫోన్లో చెప్పాను, అయినా నువ్వు వెళ్లి చెప్పు.

ఆ రోజు ఎల్లవ్వ వాకిట్లో నేను గీస్తున్నంత సేపూ పాప సంకలోంచి కిందికి జారుతూనే ఉంది. వాకిలంతా తడి, బురద. జలుబు చేస్తుందేమోనని ప్రతిసారీ పైకి లాక్కుంటున్నాను. ఎల్లవ్వ ఒలవడం ఆపి నా చెయ్యి వైపు చూసింది.

"దించరాదు బిడ్డా" అంది. "ఎంతసేపని మోస్తవ్?"

దించాను. బురదలో చిన్న పాదాలు మోపి, నా వైపు చూడకుండా, పేర్చిన గింజల మీదుగా నడుచుకుంటూ వెళ్లింది.